శేషారత్నం రాయించిన కంప్లైంటు

ఆగడాలలంక దారిలో, అటూ ఇటూ చేపల చెరువులే తప్ప ఒక్క ఇల్లయినా కనబడని చోట, శేషారత్నం బండి మూడోసారి మొరాయించింది. ముందు మీటరు పక్కన పసుపుపచ్చ దీపం వెలిగింది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి మనిషి నడకను మించి కదల్లేదు. అలా ఓ ఫర్లాంగు ఈడ్చుకుంటూ పోయి, గట్టు మలుపులో ఆగి ఊరుకుంది.

టైము తొమ్మిదిన్నర. అప్పటికే చెరువుల మీంచి ఉక్క లేస్తోంది. వెనక ట్రేలలో లేత బెండకాయలు, వంకాయలు, తోటకూర కట్టలు ఉన్నాయి. శేషారత్నం దిగి, తడి గోనెసంచులు తీసి ఆకుకూరల మీద కప్పి, చెంగుతో మొహం తుడుచుకుని ఏలూరు షోరూముకి ఫోన్ చేసింది.

"బండి ఆపేసి పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చెయ్యండి మేడమ్, వచ్చేస్తుంది," అన్నాడు అవతల కుర్రాడు.

"వస్తుంది బాబూ, నాకూ తెలుసు. ముందు రెండు సార్లూ అలాగే వచ్చింది. పది నిమిషాలాగితే బండి లేస్తుంది, తోటకూర లేవదు. కొత్త బండి ఎందుకు ఆగుతోందో చెప్పండి."

కుర్రాడు ఫోన్ పెట్టేశాడు.

శేషారత్నానికి యాభై రెండేళ్ళు. పుట్టింది పెదవేగి దగ్గర మెరక పల్లెలో. తండ్రి పామాయిల్ తోట వేసిన కొత్తలో ట్రాక్టరు కొన్నాడు. గెలలు నిండిన ట్రక్కుతో వాలు దిగాలంటే అన్నలిద్దరూ జంకేవారు. ఈవిడ పరికిణీ ఎగదోపి సీటెక్కి దింపేసేది. గుండుగొలను భీమశంకరానికిచ్చి పెళ్ళి చేశాక ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టుకోలేదు. భీమశంకరం నెమ్మదస్తుడు. ఉన్న మూడెకరాల్లో వరి పండించుకుంటూ ఎవరి జోలికీ పోని మనిషి. చుట్టుపక్కల పొలాలన్నీ చేపల చెరువులైపోయి, ఊటనీళ్ళు ఇటు దిగి, మడిలో మోకాల్లోతు నీరు ఏడాది పొడుగునా నిలబడిపోయాక ఆయన వ్యవసాయం చాలించాడు. నడుం నొప్పి కూడా తోడైంది.

అప్పుడు ఆలోచించింది శేషారత్నం. కొల్లేరు లంకల్లో చేపకి కొరత లేదు, కూరగాయకి కరువు. రెండు రోజులు వాడిన టమాటా కోసం ఆడవాళ్ళు గంటసేపు పడవదారి దగ్గర నిలబడటం చుట్టాలింటికి వెళ్ళినప్పుడల్లా చూసింది. కామవరపుకోట మెట్టలో అవే కూరలు ఆ పొద్దున్న కోసినవి దొరుకుతాయి. గూడెం మార్కెట్లో ఉల్లిపాయలు మూటలు మూటలు. మధ్యలో కావలసింది ఒక బండీ, నడిపే మనిషీ.

"భీమశంకరంగారి భార్య కూరగాయలమ్ముతుందా?" అని చుట్టాల్లో గుసగుసలు పోయాయి. ఒక పేరంటంలో ఎవరో ఆవిడ మొహం మీదే అనేశారు.

"అమ్ముతుందండీ. శుక్రవారం మీ వీధికీ వస్తుంది. బెండకాయలు లేతవి తెమ్మంటారా?" అంది శేషారత్నం తాంబూలం అందుకుంటూ.

చెరువు గట్ల మీద పెద్ద బండి తిరగదు. ఎదురుగా చేపల మేత లారీ వస్తే పక్కకి ఒదగాలి. అందుకే వెతికి వెతికి 'తురంగ్' అనే చిన్న పికప్పు కొంది. ముద్దుగా, పొందికగా ఉంటుంది. గట్టు మీద ఒక్క తిప్పుకి తిరుగుతుంది. లైసెన్సు టెస్టులో బ్రేకు ఇన్‌స్పెక్టరు, ఈవిడ రివర్సులో ఎనిమిది అంకె వేసి చూపిస్తే, ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టాడు. రెండు నెలలు బండి చెప్పినట్టు విన్నది. మూడో నెల నుంచీ మొదలైంది ఈ పసుపు దీపం గోల.

షోరూములో సర్వీసు మేనేజరు ఉదయ్ కిరణ్. ముప్ఫై లోపు వయసు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో ఐడీ కార్డు. బండికి కంప్యూటరు తగిలించి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఏ ఫాల్టూ చూపించట్లేదు మేడమ్. మీరు ఓవర్‌లోడ్ వేస్తున్నట్టున్నారు."

శేషారత్నం బండి తీసుకుని వచ్చేసింది. మర్నాటి నుంచి హైవే మీద కాటా దగ్గర రోజూ బండి తూయించింది. పదిహేను రోజుల చీటీలూ ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్ళి బల్ల మీద పరిచింది. ఏ ఒక్కరోజూ కంపెనీ చెప్పిన బరువులో ముప్పాతిక దాటలేదు. ఈలోగా బండి ఇంకో రెండుసార్లు ఆగింది.

ఉదయ్ కిరణ్ చీటీలు తిరగేశాడు.

"అయితే డ్రైవింగ్ హ్యాబిట్ అయ్యుంటుందండీ. ఏమీ అనుకోకండి, ఆడవాళ్ళు సాధారణంగా క్లచ్ మీదే కాలుంచి నడుపుతారు..."

పక్కన నిలబడ్డ మెకానిక్కులు నవ్వాపుకున్నారు. శేషారత్నం నవ్వలేదు, అరవలేదు. తాళాలు తీసుకుని లేచింది.

"రండి ఉదయ్ గారూ, పక్కన కూర్చోండి. నా కాలు ఎక్కడుంటుందో కళ్ళారా చూద్దురుగాని."

నలుగురి ముందూ కాదనలేక ఎక్కాడు. ఏలూరు దాటి, కైకలూరు రోడ్డెక్కి, కొల్లేరు మధ్య దాకా తీసుకెళ్ళింది. గుంటలున్న చోట దించి ఎక్కించింది, వంతెన మీద గేరు మార్చింది. ఆవిడ కాలు ఒక్కసారీ క్లచ్ మీద నిలవలేదు. కానీ బండి కూడా ఒక్కసారీ ఆగలేదు! పెళ్ళిచూపుల్లో పిల్లలా బుద్ధిగా నడిచింది. తిరిగి షోరూము ముందు దిగేటప్పుడు ఉదయ్ కిరణ్ మొహంలో చిన్న నవ్వు.

"చూశారా మేడమ్, బండి బంగారం."

అతన్ని దింపి వట్లూరు దాటిందో లేదో, దీపం వెలిగింది. శేషారత్నం స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది. ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే వాళ్ళ మాట నిజమైనట్టేనని పళ్ళు బిగబట్టి బండిని రోడ్డు పక్కకి లాగింది.

అక్కడే కనబడ్డాడు యాకోబు. అదే తురంగ్, రంగు వేరు. బానెట్ ఎత్తి పెట్టి, లుంగీ పైకి కట్టి లోపలికి తొంగి చూస్తున్నాడు. కొల్లేరు నుంచి ఐసులో పెట్టిన చేపలు ఏలూరు బజారుకి తోలుతాడట. ముప్ఫై అయిదేళ్ళుంటాయి.

"మీదీ ఆగిందా అక్కగారూ?"

"ఆగింది తమ్ముడూ. నీకేం చెప్పారు?"

"చేపలనీళ్ళు కారి వైర్లు తడిసిపోతున్నాయంటండీ. తప్పు నాదేనంట."

"నాకు ఓవర్‌లోడ్ అన్నారు. తర్వాత ఆడదాన్నన్నారు," అంది శేషారత్నం. "నా బండిలో చేపల్లేవు, నువ్వు ఆడదానివి కాదు. మరి రెండూ ఒకేలా ఎందుకు ఆగుతున్నాయి?"

యాకోబు బుర్ర గోక్కున్నాడు. శేషారత్నం మాత్రం ఆ ప్రశ్నను ఇంటిదాకా మోసుకెళ్ళింది. ఇద్దరున్నారంటే ఇంకా ఉంటారు. ఉన్నవాళ్ళందరికీ తలో కారణం చెప్పి, తప్పు నాదేనేమో అనుకుంటూ ఎవరింటికి వాళ్ళు పోయేలా పంపించేస్తున్నారు.

రెండ్రోజులకి నంబరు ప్లేట్లు రాసే పెయింటరు దగ్గర బండి ఆపి, వెనక తలుపు మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో రాయించింది: 'మీ తురంగ్ కూడా దారిలో ఆగిపోతోందా? నాకు ఫోన్ చెయ్యండి.' కింద తన నంబరు.

భీమశంకరం వీధి అరుగు మీంచి అది చదివి కంగారుపడ్డాడు.

"రత్నం, కంపెనీ వాళ్ళతో మనకెందుకు? నలుగురూ నవ్వుతారు. పైగా ఆడదాని ఫోన్ నంబరు అలా బండి మీద..."

"నవ్వితే నవ్వనివ్వండి. ఫోన్ మీరే ఎత్తండి కావాలంటే," అంది ఆవిడ.

తమాషా ఏమిటంటే, ఆయనే ఎత్తాడు. మొదటి వారం మూడు ఫోన్లు వచ్చాయి. తణుకులో బేకరీ సామాను తోలే ఒకాయన, కామవరపుకోటలో కోకో గింజలు తోలే రైతు, ఆకివీడులో గ్యాస్ పొయ్యిలమ్మే షాపు యజమాని. తర్వాతి వారం తొమ్మిది. పని లేక అరుగు మీద కూర్చునే భీమశంకరం పాత నోటుబుక్కు ఒకటి తీసి, ఎవరు, ఏ ఊరు, ఏం తోలుతారు, ఎక్కడ ఆగింది, షోరూమువాళ్ళు ఏమన్నారు, అన్నీ గుండ్రటి చేతిరాతతో రాయడం మొదలుపెట్టాడు. ఎవరికి ఏ కారణం చెప్పారో చదువుతుంటే ఆయనకే కోపం వచ్చేది. బేకరీ ఆయనకి డీజిల్ కల్తీ అన్నారు. కోకో రైతుకి దుమ్ము అన్నారు. పొయ్యిలాయనకి 'బండి వాడకుండా ఎక్కువసేపు ఉంచేస్తున్నారు' అన్నారు.

"వీళ్ళకి సిగ్గుండక్కర్లేదా రత్నం!" అన్నాడొకరోజు. అంత పెద్ద మాట ఆయన నోట ఆవిడ వినడం అదే మొదలు.

కారణం పట్టుకున్నది నెల్సన్ గారు. ఏలూరు పవర్‌పేటలో నలభై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్కు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక రమ్మన్నాడు. ఆరు బండ్లు వరసగా షెడ్డు ముందు నిలబడ్డాయి. కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కొక్క బండి కిందా దూరి, బైటికొచ్చి, మళ్ళీ దూరి చూశాడు. మూడో బండి నుంచి తల బైటికి పెట్టేసరికి ఆయనకి అర్థమైపోయింది. అయినా ఆరూ చూసేదాకా పెదవి విప్పలేదు.

"ఇలా రామ్మా, టార్చి పట్టుకో," అన్నాడు శేషారత్నంతో. "ఈ వైర్ల కట్ట చూశావా? దీని పక్కనే ఈ రేకు అంచు ఉంది. ఇంజను అదిరినప్పుడల్లా కట్ట ఆ అంచుకి రాసుకుంటోంది. తొడుగు అరిగిపోయి లోపలి రాగి బైటపడింది. ఆ రాగి ఇనుముకి తగిలిన క్షణాన కంప్యూటరుకి తప్పుడు కబురు పోతుంది. ఇంజనుకి ఏదో ప్రమాదం వచ్చిందనుకుని అది బలం తగ్గించేస్తుంది. తగలనప్పుడు అంతా బాగానే ఉంటుంది. అందుకే షోరూములో ఏమీ కనబడదు."

"ఆరింటికీ ఇక్కడేనా నెల్సన్ గారూ?"

"ఆరింటికీ ఇక్కడే. వేలెడు కూడా తేడా లేదు. చేపలూ కాదు, కూరలూ కాదు. కట్ట పోయే దారే తప్పు. నేను టేపు చుట్టి రెండంగుళాలు పక్కకి కట్టేస్తే నీ బండి ఈ సాయంత్రం నుంచీ ఆగదు."

షెడ్డులో అందరూ ఆవిడ వంక చూశారు. శేషారత్నం టార్చి ఆర్పింది.

"వద్దండీ. మీరు చెయ్యి పెడితే వారంటీ పోయిందంటారు, సాక్ష్యమూ పోతుంది. ఫోటోలు తియ్యండి. వాళ్ళు చేసింది వాళ్ళ చేతే సరిచేయిద్దాం."

ఆ నిర్ణయం తర్వాత ఆవిణ్ణి కొన్నాళ్ళు గుచ్చింది. ఎందుకంటే పది రోజులకి, హైవే మీద భీమడోలు దగ్గర, యాకోబు బండి బలం పోయి ఒక్కసారిగా నెమ్మదించింది. వెనకొస్తున్న లారీ డ్రైవరు బ్రేకు వేశాడు గానీ పూర్తిగా ఆపలేకపోయాడు. లారీ గుద్దేసరికి యాకోబు బండి పక్కకి ఒరిగింది. అతని కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. శేషారత్నం ఆస్పత్రికి వెళ్ళేసరికి చేతికి కట్టు వేసి పడుకోబెట్టారు.

"ఆ రోజు టేపు చుట్టించి ఉంటే..." అంది మంచం పక్కన నిలబడి.

"నా బండి ఆ ఆరింట్లో లేదు కదక్కగారూ. చేపల లోడుందని నేనే రాలేదు," అన్నాడు యాకోబు. "మీరు చుట్టించుకున్నా నాకు తెలిసేది కాదు. ఇంకెంతమందికి తెలీదో చూడండి ముందు."

అప్పుడొచ్చాడు భాస్కరరావు. కంపెనీ ఏరియా మేనేజరు. తెల్ల కారు గుండుగొలను వీధిలో ఆగింది. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బైట విప్పి, భీమశంకరానికి నమస్కారం పెట్టి, మంచినీళ్ళడిగి తాగి మరీ మాట మొదలుపెట్టాడు.

"అమ్మా, మీకు చాలా ఇబ్బంది కలిగింది. కంపెనీ తరఫున మీకు కొత్త బండి ఇచ్చేస్తాం, అదే మోడల్లో తాజాది. మీరు చేయాల్సిందల్లా ఆ రాత చెరిపేయడం, ఈ కాగితం మీద సంతకం పెట్టడం."

భీమశంకరం కాగితం అందుకుని గట్టిగా చదివాడు. బండిలో ఎటువంటి లోపమూ లేదనీ, అపోహ వల్ల ఫిర్యాదు చేశామనీ, ఇకపై ఇతర కొనుగోలుదారులతో ఈ విషయం చర్చించబోమనీ ఉంది అందులో.

"అపోహేనా?" అంది శేషారత్నం. "ఏలూరు ఆస్పత్రిలో ఒకడు విరిగిన చేత్తో పడుకున్నాడండీ. అదీ అపోహేనా?"

"ఆ కేసు వేరమ్మా, అది యాక్సిడెంటు. మనం మీ బండి గురించి మాట్లాడుకుంటున్నాం."

"నేను మాకు తెలిసిన ఇరవై మూడు బండ్ల గురించి మాట్లాడుతున్నాను. అన్నిటికీ వైరింగు మారుస్తామని రాసివ్వండి, ఇప్పుడే ఇక్కడే సంతకం పెడతాను. నాకు కొత్త బండి కూడా అక్కర్లేదు."

"అలా రాసివ్వడం నా చేతిలో లేదు. ఆలోచించుకోండి. రేపు లాయరు నోటీసు వస్తే మీరే బాధపడతారు. కంపెనీ పేరు పాడుచేశారని కోర్టుకి లాగుతారు."

శేషారత్నం ఏదో అనబోయింది. ఆవిడకంటే ముందు భీమశంకరం లేచాడు. కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి భాస్కరరావు చేతిలో పెట్టాడు.

"నోటీసు పంపించండి బాబూ. ఇంటి నంబరు రాసుకోండి. తప్పిపోకూడదు," అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

నోటీసు వచ్చింది. శేషారత్నం దానికి జవాబు రాయలేదు. ఇరవై రెండుమందికీ ఫోన్ చేసింది. రోడ్డుకి అడ్డం పడటాలూ నినాదాలూ వద్దంది. అలా చేస్తే పోలీసులొచ్చి మాట దారి తప్పిస్తారంది. అందరూ షోరూముకి ఫోన్ చేసి, మామూలు కస్టమర్లలాగే సర్వీసు కోసం ఒకే మంగళవారం పొద్దున్నకి టైము తీసుకున్నారు. ఒక్కొక్కరికీ ఓకే అని మెసేజీ కూడా వచ్చింది.

ఆ మంగళవారం తొమ్మిదింటికి షోరూము గేటు తీసేసరికి ఇరవై రెండు తురంగ్ బండ్లు బారు తీరి ఉన్నాయి. నుజ్జయిన యాకోబు బండిని ఇరవై మూడోదిగా లారీ మీద తెచ్చారు. యార్డు నిండిపోయి, కొత్త బండ్లు చూడ్డానికొచ్చినవాళ్ళు కూడా ఇటే చూస్తున్నారు. ఉదయ్ కిరణ్ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

మొదటి జాబ్ కార్డు శేషారత్నానిది. కంప్లైంటు అన్న గడిలో అతను కంప్యూటరు మీద ఏదో నొక్కాడు.

"ఏం రాశారో చదవండి," అంది ఆవిడ.

"లో పికప్ అని మేడమ్."

"నేనలా చెప్పలేదే. నడుస్తున్న బండి రోడ్డు మధ్యలో బలం పోయి ఆగిపోతోంది. అది రాయండి."

"సిస్టంలో ఆ ఆప్షన్ లేదండీ. ఉన్నవాటిల్లోంచే ఎంచుకోవాలి."

"సిస్టంలో లేకపోతే పెన్నుంది కదా."

వెనక ఇరవై రెండుమందీ నిలబడి ఉన్నారు. శేషారత్నం వెళ్ళి తన బండి బానెట్ ఎత్తి, టార్చి వెలిగించింది. "కారణం నేను చెబితే ఒప్పుకోరు. మీరే చూసి రాయండి ఉదయ్ గారూ. నేను మాట్లాడను."

అతను వంగి చూశాడు. పక్క బండిలో చూశాడు. ఆ పక్క దాంట్లోనూ చూశాడు. నాలుగో బండి దగ్గర కట్టుతో నిలబడ్డ యాకోబు ఎదురయ్యాడు. ఉదయ్ కిరణ్ జేబులో ఫోన్ మోగుతోంది. తీసి చూస్తే భాస్కరరావు. కాసేపు దానివంకే చూసి, కట్ చేసి, జేబులో పెట్టుకున్నాడు.

"నేను రెండుసార్లు పైకి రాశానండీ, ఇవి తిరిగి తిరిగి వస్తున్నాయని," అన్నాడు మెల్లగా, ఆవిడకి మాత్రమే వినబడేలా. "కస్టమర్ తప్పని రాసి మూసెయ్యమన్నారు."

"అయితే ఈసారి మూసెయ్యకండి బాబూ," అంది శేషారత్నం. ఆ మాటలో ఎకసక్కెం లేదు.

ఇరవై మూడు కార్డులూ చేత్తోనే రాశాడు. వైర్ల కట్ట రేకు అంచుకి రాసుకుంటోందని, బలం పోయి బండి ఆగుతోందని రాసి, ప్రతి దాని కిందా సంతకం చేసి, ముద్ర వేశాడు. మధ్యాహ్నం రెండయింది. ఆ నెలాఖరుకి అతన్ని ఇంకెక్కడికో బదిలీ చేశారని తెలిసి శేషారత్నం రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఫోన్ చేస్తే మాత్రం, "ఇక్కడా తురంగ్‌లే వస్తున్నాయండీ, ఇక్కడా అలాగే రాస్తున్నాను," అన్నాడట.

చేత్తో రాసి సంతకం పెట్టిన కార్డుల్ని కంపెనీ తుడిచెయ్యలేకపోయింది. నెల తిరక్కుండా ఇంజనీర్లు వచ్చారు. 'కొనుగోలుదారుల సౌకర్యార్థం ఉచిత మార్పు' అని ఒక ఉత్తరం, కొత్త రేకు, కొత్త తొడుగు. గూడెం, తణుకు, ఏలూరు, కైకలూరు, ఎక్కడ ఆ బండి ఉంటే అక్కడికి పిలిచి మార్చారు. శేషారత్నం బండికి మార్చినరోజు సంతృప్తి పత్రం మీద సంతకం అడిగితే, 'సౌకర్యం కాదు, లోపం' అని రాసి ఇచ్చింది.

ఆ ఒక్క మాట కోసమే వినియోగదారుల కమిషన్‌కీ వెళ్ళింది. యాకోబు చేతి సంగతీ అందులోనే కలిపింది. వకీలును పెట్టుకోలేదు. భర్త నోటుబుక్కు, కాటా చీటీలు, నెల్సన్ గారి ఫోటోలు, ఇరవై మూడు కార్డులు సంచిలో వేసుకుని వాయిదా వాయిదాకీ వెళ్ళి నిలబడింది.

"మీకు ఆటోమొబైల్ ఇంజనీరింగ్ గురించి ఏమైనా తెలుసా?" అని అడిగాడు కంపెనీ వకీలు.

"తెలీదండీ. ఆగిపోయిన బండి గురించి తెలుసు. మీ ఇంజనీర్లకి తెలియంది అదొక్కటే."

తీర్పు వచ్చిన పూట ఆవిడ చెట్టున్నపాడులో వంకాయలు తూస్తోంది. భీమశంకరం ఫోన్ చేసి మూడో పేజీ చదివాడు. 'తయారీ లోపం' అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ చదివాడు. యాకోబుకి పరిహారం ఇమ్మన్నారనీ చెప్పాడు. శేషారత్నం వెంటనే యాకోబుకి ఫోన్ కలిపింది. అతను ఎడంచేత్తో స్టీరింగు తిప్పడం నేర్చుకుంటున్నానని చెప్పి నవ్వాడు.

కంపెనీ ఊరుకోలేదు. విజయవాడలో పై కమిషన్‌కి అప్పీలుకెళ్ళింది. కబురు తెచ్చిన భీమశంకరం ఈవిడ ఏమంటుందోనని బెరుగ్గా చూశాడు.

"వాయిదా ఎప్పుడండీ?" అంది శేషారత్నం.

"వచ్చే నెల పన్నెండు. బుధవారం."

"బుధవారం లంకలకి వెళ్ళే రోజు కాదు, మంచిదే. పొద్దున్న ఆరింటికి బయల్దేరదాం. మీరూ రండి, నోటుబుక్కు మీరే చదవాలి," అని ఆవిడ ఉల్లిపాయల మూట కుట్టు తెంపడానికి కత్తి అందుకుంది.